ఛర్రాల తుపాకి కొనేముందు

కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో మక్క చేను కంకి పట్టిందంటే ఇంటికొకరికి కాపలా తప్పదు. కోతులు మందలు మందలుగా దిగుతాయి. తినేది తక్కువ, విరిచి పారేసేది ఎక్కువ. డబ్బాలు కొట్టినా, వడిసెల తిప్పినా, టపాకాయలు కాల్చినా రెండు రోజుల ముచ్చటే. మూడో రోజుకు వాటికి అలవాటైపోతుంది. అప్పుడు ఇంట్లో పిల్లగాడు బస్సెక్కి పట్నం పోయి, తుపాకుల దుకాణంలో నిలబడి ఒకటే మాట అడుగుతాడు: “అన్నా, గట్టిగ కొట్టేది గావాలె. అన్నిట్ల పవరున్నది సూపియ్యి.”

దుకాణదారు పెట్టె మీది అంకె చూపిస్తాడు. సెకనుకు 1000 అడుగుల వేగం. పిల్లగాడి కళ్లు మెరుస్తాయి. పైసలు చేతులు మారుతాయి.

అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఎయిర్ రైఫిల్ కొనే మనిషి ముందుగా తేల్చుకోవాల్సింది దాంతో దేన్ని కొడతాం అన్నది. అది తేలితే ఏ రకం, ఏ బరువు, ఏ ధర అన్నవి వాటంతటవే తేలతాయి. అది తేలకుండా పవర్ వెంట పడితే డబ్బు పోతుంది, గురి కుదరదు, ఒక్కోసారి కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. మా జగిత్యాల, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లలకు గురి అనేది పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. వడిసెల, గులేరు పట్టి పెరిగిన చేతులు అవి. ఆ చేతుల్లోకి సరైన రైఫిల్ రావాలన్నదే నా తపన.

వేట కోసమైతే

కుందేలు, కంజు పిట్ట, అడవి పంది, నెమలి. “వేటకు ఏ తుపాకి బాగుంటుంది?” అని అడిగేవాళ్ల మనసులో ఉండేవి ఇవే. దీనికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది: కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ షెడ్యూళ్లలోని జంతువుల వేటను నిషేధించింది. పైగా ఆ చట్టం లెక్కలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, ఉచ్చు వేయడం, వేటాడటానికి తరమడం, చివరికి వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. ఛర్ర తగల్లేదు, పిట్ట ఎగిరిపోయింది అంటే తప్పు తప్పిపోదు.

2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నెమలి లాంటి మొదటి షెడ్యూలు ప్రాణి అయితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు, కనీసం ఇరవై అయిదు వేల జరిమానా. తుపాకిని, దాన్ని మోసుకెళ్లిన బండిని కూడా పట్టుకుంటారు. పాత చట్టంలో కాకులను, ఎలుకలను హానికర ప్రాణులుగా విడిగా చూపిన అయిదో షెడ్యూలు ఉండేది. ఆ సవరణతో అది పోయింది. “ఇవి కొడితే ఏం కాదులే” అని పెద్దలు చెప్పే పాత మాటను ఇప్పుడు నమ్ముకోవద్దు.

ఆదిలాబాద్ వైపు వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. దానికి చాలా ముందే అది అభయారణ్యం. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. జన్నారం అడవిలోకి బైకు మీద, భుజాన సంచిలో ఎయిర్ రైఫిల్‌తో సరదాగా తిరిగొద్దాం అనుకునేవాళ్లకు ఆ సరదా చాలా ఖరీదు పడుతుంది.

చట్టం పక్కన పెట్టి చూసినా సంగతి మారదు. లైసెన్సు లేకుండా దొరికే 4.5 మిల్లీమీటర్ల ఛర్ర అడవి పంది తోలును, దాని కింది కొవ్వును దాటి ప్రాణం తీయలేదు. పంది చావదు, గాయంతో పొదలో దూరుతుంది. తెల్లారి ఆ పొద పక్కనుంచి పత్తి ఏరడానికి పోయే ఆడమనిషి మీద పడుతుంది. పక్షి అయినా అంతే. రెక్కలో ఛర్ర ఇరుక్కుని కంపలో పడి రోజుల తరబడి కొట్టుకుంటుంది. ఒక ప్రాణిని అట్లా వదిలేయడం వేటగాడి లక్షణం అని పాత వేటగాళ్లు కూడా ఒప్పుకోరు.

అరుణాచల్ ప్రదేశ్‌లో వేట తరాల నాటి అలవాటు. అక్కడ 2021 మార్చిలో ఎయిర్ గన్‌లను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమం మొదలుపెట్టారు. జనం తమ ఇళ్లలోని ఎయిర్ గన్‌లను తెచ్చి వందల సంఖ్యలో ప్రభుత్వానికి ఇచ్చేశారు. అడవిలో పిట్ట కూత తగ్గిపోకూడదని ఇష్టపూర్వకంగా చేసిన పని అది. నల్లమల నుంచి కవ్వాల్ దాకా మన అడవులకు కూడా అలాంటి మనుషులు కావాలి.

కోతుల సంగతి

ఇది తేలిగ్గా కొట్టిపారేసే బాధ కాదు. పసుపు, మక్క, మామిడి మీద బతికే జగిత్యాల రైతు కోతుల వల్ల పంటే మార్చుకుంటున్నాడు. కూరగాయలు వేయడం మానేసిన ఊళ్లున్నాయి. ఇంటి పెంకులు తీసేసి, వంటింట్లోకి దూరి, పిల్లల చేతుల్లోంచి తిండి గుంజుకుపోతుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

అయినా ఛర్ర దానికి మందు కాదు. ఛర్ర తగిలిన కోతి ఆ రోజు పారిపోతుంది. మంద మాత్రం ఎక్కడికీ పోదు, పక్క చేనుకు మారుతుంది. నాలుగు రోజులకు మళ్లీ మీ గట్టు మీదే కూర్చుంటుంది. ఒంట్లో ఛర్రతో పుండు పడిన కోతి మనిషిని చూస్తే పారిపోవడం మానేసి మీదికి దూకడం మొదలుపెడుతుంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం అయిదేళ్ల దాకా శిక్ష పడే నేరం. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అడ్డుకునే 1960 నాటి చట్టం వేరే ఉంది. ఇక కొండగట్టు అంజన్న గుట్ట కింద ఉండి, మెట్ల మీద కోతికి కొబ్బరి ముక్క పెట్టి వచ్చి, సాయంత్రం చేను దగ్గర అదే కోతికి తుపాకి గురిపెట్టడం మన ఇళ్లలో ఏ అమ్మా ఒప్పుకోని పని.

మరి రైతు ఏం చేయాలి? కోతులను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి వదలడానికి రాష్ట్ర అటవీ శాఖ 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర, గండి రామన్న హరితవనంలో ఒక కేంద్రాన్ని తెరిచింది. నెమ్మదిగా సాగే పనే, కానీ మంద పెరగకుండా చేసే పని అదొక్కటే. ఊరంతా కలిసి పంచాయతీ తీర్మానంతో పట్టించాలి. ఒక్కొక్కరు విడివిడిగా తరిమితే ఊరి బాధ ఊళ్లోనే తిరుగుతుంది. అడవి పందులు పంట మీద పడితే దానికి కూడా చట్టంలో దారి ఉంది. వన్యప్రాణి చట్టం పదకొండో సెక్షన్ కింద నిలిచి ఉన్న పంటను కాపాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అటవీ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. ఆ తీగకు పందికన్నా ముందు మనిషి పడిన రాత్రులు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

పవర్ లెక్క

ఇప్పుడు మిగిలింది అసలైన పని: గురి కాల్చడం. ఇక్కడికి వచ్చేసరికి పవర్ అన్న మాట తలకిందులవుతుంది.

ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ చూడండి. గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. 2008 బీజింగ్‌లో 600కి 595 కొట్టి కూడా, అదే స్కోరు ఉన్నవాళ్లతో చివరి సిరీస్ లెక్కలో వెనకబడి ఫైనల్‌కు వెళ్లలేకపోయాడు. అదే పోటీలో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత, 2012 జులై 30న లండన్‌లో నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చాడు. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య తేడా ఒక్క పాయింటు. ప్రపంచంలో అంత ఖచ్చితంగా కాల్చే ఆ రైఫిళ్ల నుంచి ఛర్ర బయటికొచ్చే వేగం సెకనుకు దాదాపు 170 మీటర్లు, అంటే 560 అడుగులు. దుకాణంలో పిల్లగాడికి చూపించిన 1000 అడుగుల్లో సగానికి కాస్త పైన.

శక్తి లెక్క బడిలో చెప్పే ఫిజిక్సే. ఛర్ర బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. మ్యాచ్ ఛర్ర అర గ్రాముకు కాస్త ఎక్కువ, 0.53 గ్రాములు. 170 మీటర్ల వేగానికి ఎనిమిది జౌళ్ల లోపే వస్తుంది. ఒలింపిక్ పతకం తెచ్చే తుపాకి శక్తి అంతే. దానికి పైన ఉన్న ప్రతి జౌలూ పది మీటర్ల కాగితానికి అక్కర్లేనిదే. అది మీ భుజానికి కుదుపై, చేతికి వణుకై తిరిగొస్తుంది.

అదే లెక్కతో పెట్టె మీది అంకెనూ తూచవచ్చు. 0.52 గ్రాముల మామూలు సీసపు ఛర్ర నిజంగా సెకనుకు 1000 అడుగులు, అంటే 305 మీటర్లు పోతే దాని శక్తి 24 జౌళ్లు దాటుతుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగల ఎయిర్ గన్‌కు రెండు హద్దులున్నాయి: శక్తి 20 జౌళ్లకు మించకూడదు, గొట్టం 0.177 అంగుళాలకు, అంటే 4.5 మిల్లీమీటర్లకు మించకూడదు. రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. అంటే పెట్టె మీది అంకె నిజమైతే ఆ తుపాకి మీ చేతిలో ఉండకూడదు. చాలాసార్లు ఆ వేగం సీసం కన్నా తేలికైన లోహపు ఛర్రతో కొలిచింది అయ్యుంటుంది. ఆ తేలిక ఛర్ర గాలికి ఊగుతుంది, గురి నిలవదు. వేగం శబ్ద వేగానికి దగ్గరయ్యేకొద్దీ ఛర్ర తడబడుతుంది కూడా. వేగం అంకె చూసి కొనేవాడు రెండు వైపులా నష్టపోతాడు.

“పాయింట్ టూటూ తీసుకో, లైసెన్సు అక్కర్లేదు” అని ఎవరైనా అంటే నమ్మకండి. గొట్టం 0.22 అంటేనే హద్దు దాటినట్టు. బిల్లు లేకుండా, చిరునామా రుజువు అడగకుండా ఇస్తానన్నవాడి దగ్గర అసలే కొనకండి. ఎయిర్ గన్ అమ్మేవాడు కొన్నవారి గుర్తింపు, చిరునామా, వయసు రుజువులు తీసుకుని రికార్డులో రాసుకోవాలి. ఆ బిల్లే రేపు పోలీసులు అడిగినప్పుడు మీకు అండ.

స్ప్రింగా, పీసీపీనా

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దొరికేవి ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది స్ప్రింగ్ రైఫిల్. గొట్టాన్ని మధ్యకు విరిచినట్టు వంచితే లోపల స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒత్తి ఛర్రను తోస్తుంది. మన దేశంలో తయారైనవి పది పదిహేను వేలకు వస్తాయి. సిలిండర్ అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. చేను మధ్యలో కూడా పనిచేస్తుంది. దీనికో గుణం ఉంది: ఛర్ర ఇంకా గొట్టంలో ఉండగానే పిస్టన్ పరుగుకు తుపాకి ముందుకూ వెనక్కూ కుదుపుకు గురవుతుంది. స్ప్రింగ్ ఎంత బలమైతే కుదుపు అంత. బాగా పవరున్న స్ప్రింగ్ రైఫిల్‌ను ఒక్కసారి వంచడానికి పదిహేను ఇరవై కిలోల బలం పెట్టాలి. పోటీలో 60 షాట్లు. నలభయ్యో షాటుకు మీ చేతిలో సత్తువ ఉండదు, గురి ఏం కుదురుతుంది? స్ప్రింగే కొనాలంటే తక్కువ పవర్‌ది కొనండి. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోకూడదు. ముందు చేయి అరచేతిలో ఊరికే ఆననివ్వాలి, దాన్ని దాని దారిన కదలనివ్వాలి. ప్రతిసారీ అదే చోట ఆనితే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది, ఛర్ర అదే చోట పడుతుంది. ఛర్ర లేకుండా ఉత్తుత్తిగా కాల్చవద్దు. అడ్డు లేక పిస్టన్ నేరుగా గోడకు గుద్దుకుని సీలు, స్ప్రింగు పాడవుతాయి. లోపల పిస్టన్ గదిలో మామూలు నూనె వేయవద్దు. ఒత్తిడికి ఆ నూనె భగ్గుమని అంటుకుంటుంది.

రెండోది పీసీపీ, ముందే గాలి నింపుకునేది. దీని సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడిలో గాలి ఉంటుంది. కుదుపు దాదాపు ఉండదు. ఒలింపిక్ రైఫిళ్లన్నీ ఇవే. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, అన్‌షూట్జ్ లాంటి జర్మన్ మ్యాచ్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. మన దేశంలో తయారైన పీసీపీలు అందులో చిన్న వంతుకు దొరుకుతాయి. నేర్చుకునే దశకు అవి చాలు.

పీసీపీ కొన్నాక మన ఊళ్లలో వచ్చే మొదటి ఇబ్బంది గాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ దగ్గరే ఆగిపోతుంది. 200 బార్‌కు ప్రత్యేకమైన చేతి పంపు ఉంటుంది. దాని ధర కూడా లెక్కలో వేసుకోండి. చెమట పట్టేలా కొట్టాలి, నడుమ నడుమ పంపును చల్లారనివ్వాలి. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ కనిపిస్తుంది కదా అని దాంతో నింపవద్దు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు లోపలి గ్రీజో నూనో తగిలితే అంటుకుని పేలుతుంది, ముఖం దగ్గరే పేలుతుంది. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. అంతర్జాతీయ పోటీ నిబంధనల ప్రకారం దాని ఆయుష్షు పదేళ్లు. సెకండ్ హ్యాండ్ రైఫిల్ చూసేటప్పుడు మొదట ఆ తేదీ చూడండి. గొట్టం, చెక్క, మెరుగు తర్వాత.

భుజానికి తగ్గది

దుకాణంలో రైఫిల్ చేతికి తీసుకుని ఇలా చూడండి. ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకున్నాక, గోడ వైపు తిప్పి నిలబడి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప చెక్క మీద ఆనించి, ఊపిరి వదిలి, అప్పుడు కళ్లు తెరవండి. సైటు మీ కంటికి ఎదురుగా ఉందా? మెడ చాచాల్సి వస్తే చెక్క పొడవు ఎక్కువ, ముక్కు వేలికి తగులుతుంటే తక్కువ. పద్నాలుగేళ్ల పిల్లకు, ఆరడుగుల పోలీసుకు ఒకే చెక్క సరిపోదు. చెంప ఆనే పలక, వెనక పలక జరపగలిగే రైఫిల్ అయితే పెరిగే పిల్లలకు నాలుగేళ్లు పనికొస్తుంది. పోటీలో అనుమతించే గరిష్ఠ బరువు అయిదున్నర కిలోలు. అంత బరువు మొదటి రోజే అక్కర్లేదు. నిలబడి ఒక్క నిమిషం గురి పట్టినప్పుడు ముందు చేయి వణకడం మొదలైతే అది మీకు ఇంకా బరువే.

తర్వాత ట్రిగ్గర్. మెల్లగా నొక్కండి. మొదటి భాగం తేలిగ్గా వచ్చి ఒకచోట ఆగాలి, అక్కడినుంచి కాస్త ఒత్తితే గాజు పుల్ల విరిగినట్టు తెగిపోవాలి. ఇసుకలో గీసినట్టు గరగరమంటూ ఎప్పుడు పేలుతుందో తెలియకపోతే ఆ రైఫిల్ పక్కన పెట్టండి. ఎంత పవరున్నా దాంతో గురి నేర్చుకోలేరు.

టెలిస్కోపు మీద మోజు చాలామందికి. పది మీటర్ల పోటీలో టెలిస్కోపు ఒప్పుకోరు. వెనక చిన్న రంధ్రం, ముందు వలయం ఉండే పీప్ సైటే. మన జాతీయ పోటీల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ అనే విభాగం ఉంది. ఖరీదైన సైటు కొనలేని పిల్లలు అక్కడ మొదలుపెట్టవచ్చు. మొదటి ఏడాది ఓపెన్ సైటుతో గడిపినవాళ్ల చేయి తర్వాత ఏ సైటుతోనైనా నిలుస్తుంది.

ఛర్రలు, కాగితం

రైఫిల్ మీద పెట్టే ఆలోచనలో సగం ఛర్రల మీద పెట్టండి. నడుము సన్నగా, వెనక గాఘరాలా విచ్చుకుని ఉండే సీసపు ఛర్రలో ఒత్తిడికి ఆ అంచు గొట్టానికి అతుక్కుని గాలిని ఆపుతుంది. అంచు వంకరపోతే గాలి ఒక పక్కనుంచి కారుతుంది, గురి ఆ పక్కకే పోతుంది. డబ్బా కిందపడితే సగం ఛర్రలు పాడైనట్టే. తెల్ల గుడ్డ మీద పోసి, వెలుతురులో ఒక్కొక్కటి తిప్పి చూసి, అంచు నలిగినవి పక్కన పెట్టండి. కాగితానికి తల చదునుగా ఉన్నవి వాడండి. అవి కంపాసుతో గీసినట్టు గుండ్రటి రంధ్రం చేస్తాయి, స్కోరు స్పష్టంగా తెలుస్తుంది. మొనదేలినవి చూడటానికి భయంకరంగా ఉంటాయి, గురిలో మాత్రం వెనకబడతాయి.

ఒకే కంపెనీ ఛర్రలు ఒక రైఫిల్‌లో బాగా పడి, అదే మోడల్ ఇంకో రైఫిల్‌లో చెదురుతాయి. అందుకే మూడు నాలుగు రకాలు చిన్న డబ్బాలు కొనండి. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి ఒక్కో రకంతో అయిదేసి కాల్చండి. అయిదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగితే ఆ రకం మీకు కుదిరినట్టు. అప్పుడు అదే రకం, అదే బ్యాచ్ నంబరు ఉన్న డబ్బాలు ఎక్కువ తెచ్చిపెట్టుకోండి. సీసం విషం. కాల్చాక సబ్బుతో చేతులు కడగకుండా తిండి ముట్టవద్దు, ఛర్రలు నోట్లో పెట్టుకోవద్దు.

పోటీ కాగితం మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. బాల్‌పెన్ను ఒత్తి తీస్తే పడే చుక్క అంత. తొమ్మిదో వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. మొత్తం లక్ష్యం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. నేల నుంచి దాని మధ్యకు 1.4 మీటర్ల ఎత్తు. 60 షాట్లు 75 నిమిషాల్లో. దశాంశాలతో లెక్కిస్తే ఒక్కో షాటుకు అత్యధికంగా 10.9, మొత్తం 654.

ఎక్కడ కాల్చాలి

ఇంటి పెరట్లోనో, పాత పశువుల కొట్టంలోనో పది మీటర్లు దొరికితే చాలు. ఒక చెక్క పెట్టెలో పాత గుడ్డలు గట్టిగా కూరి, వెనక ఇనుప రేకు వాలుగా పెట్టి కాగితాన్ని ముందు అతికించండి. రేకును నిటారుగా పెడితే ఛర్ర నేరుగా మీ మీదికే తిరిగొస్తుంది. మన దగ్గర ఎటు చూసినా గట్టి రాతి గుట్టలే. బండకు ఆనించి కాగితం పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఛర్ర బండ మీద జారి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కళ్లద్దాలు లేకుండా కాల్చవద్దు, పక్కన నిలబడి చూసేవాళ్లకూ కళ్లద్దాలు ఉండాలి. గురి తప్పిన ఛర్ర వందల మీటర్లు పోతుంది. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా, దారి వైపు, చెట్టు పైకి, ఆకాశంలోకి కాల్చవద్దు. లోపల ఛర్ర లేదని ఎంత నమ్మకమున్నా గొట్టాన్ని మనిషి వైపు తిప్పవద్దు. పని అయ్యాక రైఫిల్ బీరువాలో, ఛర్రలు వేరే చోట, తాళం చెవి పెద్దవాళ్ల దగ్గర.

కాల్చాక చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని నేర్పేవాళ్లు తక్కువ. ట్రిగ్గర్ తెగాక తల ఎత్తకండి. సైటులోంచి మరో రెండు క్షణాలు లక్ష్యాన్నే చూస్తూ ఉండండి. ఛర్ర గొట్టంలో ఉన్న ఆ కొన్ని వేలవంతుల సెకనులో మీరు కదిలితే అంతసేపు పట్టిన గురి పోయినట్టే. స్కోరు చూడాలన్న ఆత్రం అణచుకోగలిగినవాడికి స్కోరు తనంతట తను పెరుగుతుంది. ఇది రైఫిల్ పాఠమే అయినా, పరీక్ష రాసే పిల్లలకూ పనికొచ్చే పాఠం.

హైదరాబాద్‌కు చెందిన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లేని కుర్రాడు. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. గగన్ నారంగ్ నడిపే అకాడమీలో నేర్చుకున్న పిల్లాడు. బలం, ఎత్తు, పరుగు, వినికిడి ఏదీ అడగని ఆట ఇది. ఆడపిల్లలూ మగపిల్లలూ అదే దూరంలో, అదే లక్ష్యం మీద, 2018 నుంచి అన్నే 60 షాట్లు కాలుస్తున్నారు. పోటీల దారి రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ గుండా పోతుంది. రాష్ట్ర పోటీలు, ఆ తర్వాత జి.వి. మావలంకర్ పేరు మీద జరిగే అఖిల భారత పోటీలు, అక్కడ అర్హత మార్కు దాటితే జాతీయ పోటీలు.

కాబట్టి కొనడానికి తొందరపడకండి. ముందు ఏదైనా రేంజ్‌కు వెళ్లి క్లబ్ రైఫిల్‌తో కొన్నాళ్లు కాల్చి చూడండి. అప్పుడు మీకు ఏ బరువు, ఏ చెక్క, ఏ ట్రిగ్గర్ కావాలో మీ చేతికే తెలుస్తుంది. సర్పంచులకు, పీఈటీ సార్లకు నా విన్నపం ఒకటుంది. పది మీటర్లంటే మన జిల్లా పరిషత్ హైస్కూలు వరండా పొడవు కూడా కాదు. వెనక గట్టి గోడ, ఛర్రలు ఆపే నాలుగు పెట్టెలు, రెండు మూడు మంచి రైఫిళ్లు, నిబంధనలు తెలిసిన ఒక కోచ్ ఉంటే మల్యాల, జగిత్యాల, జన్నారం పిల్లలు గురి నేర్చుకోవడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. చేను కాపలాలో ఆరితేరిన ఆ కళ్లకు, ఆ చేతులకు కాల్చడానికి ఒక కాగితం ఇవ్వండి.